ఎన్నికల వదంతులు - తెలుగు ఖండనలు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను బొంబాయినుండి వారపత్రికగా ప్రారంభించిరి. 1914లో అది మదరాసునకు తరలి దినపత్రిక యయ్యెను. తెలుగునాటికి వెలుపల నివసించువారికి తెలుగు పత్రిక యేమి చేయవలెనను ప్రశ్న మహారాష్ట్రమున మనకు క్రొత్తది కాదు. ఎన్నికలవేళ అది మరల మనయెదుట నిలుచుచున్నది.

2024 ఏప్రిల్ 19న చంద్రపూరు లోక్‌సభ స్థానమునకును, మే 13న ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములందును పోలింగు జరిగినది. అచటి బంధువులు పంపు వాట్సాప్ సందేశములే ఇచట మనకును వార్తలగుచుండును. వానిలో నొకదానిని పరిశీలింతము. "జాబితాలో పేరు లేకున్నను ఆధార్ చూపి 49ఏ క్రింద ఛాలెంజ్ ఓటు వేయవచ్చును, టెండరు ఓట్లు 14 శాతము మించినచో రీపోలింగు జరుగును" అను సందేశము 2019లోను, 2024లోను పలుభాషలలో వ్యాపించినది.

ఇది అసత్యము. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములలో 49ఏ ఓటింగు యంత్రపు నిర్మాణమును గూర్చినది. ఛాలెంజ్ అనగా ఓటరు గుర్తింపును పోలింగు ఏజెంటు ప్రశ్నించుట. తన ఓటు నింకొకరు వేసిపోయినచో, తానెవరో నిరూపించుకొన్నవానికి 49పీ క్రింద కాగితపు బ్యాలెటు నిత్తురు. 2018లో వచ్చిన 'సర్కార్' చిత్రమువలన ఈ నియమము ప్రసిద్ధమైనది. 14 శాతమను నిబంధనయే లేదు. జాబితాలో పేరు లేనివానికి ఓటు లేదు.

హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు ఇట్టి వదంతులను తెలుగులో ఖండించుచున్నవి. "అధికారులు కాదనిరి" అని ముగింపక, మూలపత్రమును పాఠకుని ముందుంచు ఖండన మేలైనది. అయినను ఈ ప్రక్రియలో రెండు లోపములు కానవచ్చుచున్నవి.

మొదటిది శీర్షికను గూర్చినది. "పేరు లేకున్నా ఓటు వేయవచ్చునా?" అని వ్రాసినచో, "వేయవచ్చును" అను అసత్యమునకును ఆ ప్రశ్నకును చివరి దీర్ఘమొక్కటే భేదము. త్వరగా చదువువాని మనస్సున ఆ దీర్ఘము నిలువదు. "పేరు లేనిదే ఓటు లేదు" అని సత్యమునే శీర్షికగా పెట్టుట యుక్తము.

రెండవది గురుతరము. వదంతికి మూలము భయము. నా విద్యార్థి తండ్రి యొకరు ఈ సందేశమును నమ్మి, ఆధార్ కార్డుతో పోలింగు కేంద్రమునకు పోయి, ఓటు లేక, ఆనాటి కూలియు లేక తిరిగివచ్చిరి. "అది అబద్ధము" అని యనంతరము తెలిసినందున ఆయనకేమి లాభము? నామినేషన్ల తుదిదినము దాటిన పిదప జాబితాలో పేరు చేర్చరు. కావున క్రొత్తగా చేరుటకు 6వ ఫారము, నివాసము మారినచో 8వ ఫారము, సందేహమునకు 1950 టెలిఫోను సంఖ్య అని ముందుగా చెప్పినదే సంపూర్ణమగు ఖండన.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. 2019 ఆస్ట్రేలియా ఎన్నికలలో లేబరు పార్టీ మరణపు పన్ను విధించునను అసత్యము ఫేస్‌బుక్‌లోను, అచటి చీనావారి వీచాట్‌లోను తిరిగినది. వదంతి యే భాషలో నడచునో, ఖండనయు ఆ భాషలోనే, ఆ త్రోవనే నడువవలయును.

మన పెద్దలలో మరాఠీ మాటాడగలిగియు చదువలేనివారు గలరు. మన పిల్లలు రెండును చదువగలరు. జాబితాలు వెలువడిన వారముననే ప్రతి బాలుడును తన యింటివారి పేర్లు చూచి, ఇంటికి పోయి తెలుగులో చెప్పినచో, ఆ తండ్రివలె మరియొకరు వట్టిచేతులతో తిరిగిరానక్కరలేదు.