దంపతి శబ్దము: ఒక తీర్పును గూర్చి

సుప్రీంకోర్టువారు 2023 అక్టోబరు 17వ తేదీని వెలువరించిన సుప్రియో చక్రవర్తి వ్యాజ్యపు తీర్పును మేము రెండు మారులు ఆమూలాగ్రముగ చదివితిమి. అది 366 పుటల గ్రంథము. అయిదుగురు న్యాయమూర్తులు విచారింపగా నాలుగు అభిప్రాయములు వెలువడినవి. తీర్పులను న్యాయవాదులు చదువుదురు. పత్రికలవారు వాని ఫలితమును మాత్రము చెప్పి యూరకుందురు. గృహస్థులు చదువుట అరుదు. ఇది గృహమును గూర్చిన గ్రంథము గావున గృహస్థులును చదువదగినదని మా తలంపు. అందుచేతనే కావ్యమును విమర్శించునట్లు దీనిని విమర్శింప సాహసించుచున్నాము.

వ్యాజ్యము తెచ్చినవారిలో మొదటి యిరువురు హైదరాబాదు నివాసులగు పురుషులు. వారు 2021 డిసెంబరులో బంధుమిత్రుల యెదుట వివాహోత్సవము జరుపుకొనిరి. దానికి చట్టసమ్మతి కావలెనని 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము నాశ్రయించిరి. ఆ చట్టపు నాలుగవ సెక్షను "ఎవరైనను ఇరువురు వ్యక్తులు" అని యారంభించి, వయోనియమము కడకు వచ్చునప్పటికి పురుషునకు 21, స్త్రీకి 18 అని చెప్పుచున్నది. మీమాంస కొంచెము చదివినవారికి ఇది పరిచితమైన చిక్కే. ఉపక్రమమున విశాలముగ నున్న పదమును వెనుకటి వాక్యము సంకోచింప జేయునా, లేక ఉపక్రమమే వాక్యశేషమును తనతోడ నీడ్చుకొని పోవునా? వాదమంతయు ఈ సందుననే పుట్టినది.

ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడుగారి యభిప్రాయము తీర్పులో సగమునకు మించిన భాగము. స్వలింగ ప్రేమ పట్టణములలోని సంపన్నుల పోకడ యను మాటను ఆయన ఖండించిన తీరు మిక్కిలి మెచ్చదగినది. పల్లెలో పొలము పని చేసుకొను స్త్రీయును అట్టి స్వభావము కలది కావచ్చునని చెప్పి, విషయమును విందుశాలనుండి వాకిటిలోనికి దెచ్చెను. కాని చట్టము కడకు వచ్చి ఆయన కలము ఆగినది. చట్టమును కొట్టివేసినచో భిన్నమతస్థులు పెండ్లాడు దారియే మూతపడును. అందు క్రొత్త మాటలు చేర్చినచో శాసనసభ పని న్యాయస్థానము చేసినట్లగును. ఈ సంకటము నిజమైనదే. అంతట ఆయన వివాహమును విడిచి, కలిసి జీవించు బంధమునకు గుర్తింపు పొందు హక్కు కలదనెను. దత్తతకు రెండేండ్ల వైవాహిక జీవనము కావలెనను నిబంధన చెల్లదనెను. కౌల్‌గారు తోడైరి. కాని యిరువురే యగుటచేత ఆ మాటలు శాసనము కాలేదు.

భట్టుగారి యభిప్రాయమునకు హిమా కోహ్లీగారు సమ్మతించిరి. నరసింహగారు వేరుగ వ్రాసి అదే ఫలితమునకు వచ్చిరి. వివాహము సంఘము కల్పించిన సంస్థ, దానిని మార్చుటయో క్రొత్త బంధమును సృష్టించుటయో శాసనకర్తల పని యని వీరి వాదసారము. రాజ్యాంగమున వివాహమాడు ప్రాథమిక హక్కు లేదనుటలో మాత్రము అయిదుగురును ఏకాభిప్రాయులు.

శాసనకర్తల పని యను వాదమునకు చరిత్ర కొంత తోడ్పడునని మేమొప్పుకొందుము. వితంతు వివాహ చట్టము 1856లో వచ్చినది. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీని. ఇరువదియైదేండ్లు చట్టము గుమ్మమున నిలిచి యుండగా ఇండ్ల తలుపులు తెరువబడలేదు. నేడు స్థితి తలక్రిందైనది. ఇండ్లు వెలసినవి, చట్టమే రాలేదు. ఈ భేదమును గ్రహింపక పోవుటయే భట్టుగారి వ్రాతలో మాకు దోచిన పెద్ద లోపము. భార్య, భర్త యను హోదాను బట్టి వచ్చు భవిష్యనిధి, గ్రాట్యుటీ, కుటుంబ పింఛను మొదలగునవి అందకుండుట వీరికి అన్యాయముగ పరిణమించుచున్నదని ఆయనయే స్పష్టముగ వ్రాసెను. రోగమును సరిగా గుర్తించి, మందు మాత్రము క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతను ఏర్పడబోవు సంఘమువారు ఇత్తురనెను.

ఇది పుస్తక పాండిత్యపు ఆక్షేపణ కాదు. మా వీధిలో ఇరువురు స్త్రీలు పదునెనిమిది యేండ్లుగ నొకే యింట కాపురమున్నారు. వీధివారు వారిని అక్కచెల్లెండ్రనుచుందురు. అది నిజము కాదని అందరికిని తెలియును. అయినను ఎవరును దిద్దరు. దానిని దయ యనవచ్చును, పిరికితనము ననవచ్చును. మూడేండ్ల క్రిందట పెద్దామెకు కడుపులో పేగు మెలివడి రాత్రికి రాత్రి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. ఆసుపత్రి కాగితముపై "రోగితో బంధుత్వము" అను గడి కలదు. రెండవయామె కలము చేతబట్టి ఆ గడిని చూచుచు చాలసేపు కూర్చుండెను. పిమ్మట "చెల్లెలు" అని వ్రాసెను. సాక్షిగ మేము సంతకము చేసితిమి. బడిలో పిల్లలకు సత్యము పలుకుటను గూర్చి పాఠము చెప్పు చేతితోనే చేసితిమి. మరునాడు పెద్దామె తమ్ముడు ఊరినుండి వచ్చెను. అక్కతో పదేండ్లుగ మాటలు లేనివాడు. కాగితములన్నియు వాని చేతికి పోయినవి. పదునెనిమిదేండ్లు వండి పెట్టినయామె వరండాలో బల్లమీద కూర్చుండెను. అందెవరిదియు చట్టవిరుద్ధము కాదు. ఈ 366 పుటలలో ఆ వరండా బల్లను చూచినవారెవరని వెదకితిమి. చంద్రచూడుగారు చూచిరి, భట్టుగారు చూచి కన్నులు త్రిప్పుకొనిరి.

ఇక శబ్దమును గూర్చి యొక మాట. "దంపతీ" యనగా జాయాపతులని వైయాకరణులు జాయా శబ్దమునకు దమ్మును ఆదేశము చేసి సాధింతురు. కాని వేదమున దమ్మనగా ఇల్లు. దంపతి యనగా ఇంటికి ప్రభువు. ఋగ్వేదమున ఏకవచనములో అగ్నికి సైతము ఈ మాట చెల్లినది. ద్వివచనమున ఆలుమగలకు వాడిరి, నిజమే. అయినను ధాత్వర్థమున ఆడు మగ యను భేదము లేదు, ఇల్లున్నది, దాని నేలు ఇరువురున్నారు. వేదకాలపువారు స్వలింగ వివాహమును అంగీకరించిరని దీనివలన తేల్ప బూనుట హాస్యాస్పదము. అట్టి వాదములు చేయువారిని మేము సమర్థింపము. పూర్వుల సాక్ష్యము దొరకినగాని న్యాయము చేయజాలమనుట సంస్కర్తలకు పాతబడిన బలహీనత. థాయిలాండువారు ఈ యాయాసము పడక తమ స్మృతిలో స్త్రీపురుషులను చోట వ్యక్తులనియు, భార్యాభర్తలను చోట జీవిత భాగస్వాములనియు మార్చిరి. అది 2025 జనవరి 23వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

మనదేశమున అదే నెలలో పునర్విచారణ పిటీషనులు త్రోసివేయబడినవి. అంతకు ముందు 2024 ఆగస్టులో ఆర్థిక శాఖవారు, స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును, ఒకరినొకరు నామినీగ వ్రాసికొనుటకును అడ్డంకి లేదని ప్రకటించిరి. రేషను కార్డు విషయమున వారిని ఒకే గృహమువారిగ భావింపవలెనని ఆహార శాఖవారు రాష్ట్రములకు వ్రాసిరి. మంచిదే. కాని నామినీ ధనమును అందుకొనువాడే గాని వారసుడు కాడని సుప్రీంకోర్టువారు భీమా విషయమున 1983లోనే తేల్చిరి. 2015 సవరణ నామినీకి సొంత యధికార మిచ్చినను, అది తలిదండ్రులకును, భార్యకు లేక భర్తకును, సంతానమునకును మాత్రమే. కనుక ఈ సలహా పత్రములు తాళపు చెవి నిచ్చినవి గాని పెట్టెను ఈయలేదు. 2025 మేలో మద్రాసు హైకోర్టువారు, వివాహమొక్కటే కుటుంబమునకు మూలము కాదనియు, ఎన్నుకొన్న కుటుంబము సైతము కుటుంబమే యనియు చెప్పిరి. తీర్పులో కొన్ని పుటలే; అయినను ఆసుపత్రి గడియందు వ్రాయదగిన మాట కొరకు వెదకువారికి అవి పెద్ద గ్రంథముకంటె దగ్గరగ నున్నవి.

మా వీధి స్త్రీలు ఆర్థిక శాఖ ప్రకటన విని బ్యాంకునకు పోయి ఉమ్మడి ఖాతా తెరచిరి. గుమాస్తా బంధుత్వమడిగెనట. ఈసారి చిన్నామె చెల్లెలనలేదు. ఏమనెనో మేమడుగలేదు. పుస్తకముపై ఇరువురి పేర్లు ఒకదాని క్రింద నొకటి అచ్చుపడి యుండగా తెచ్చి మా ఇంటిలో చూపిరి. మా యింటివారు కాఫీ ఇచ్చిరి.