అతుకు తెలియని పచ్చిక

కృత్రిమ గడ్డి అనగానే ఘనతంతా రసాయన శాస్త్రానికే కట్టబెడతాం. నాకు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని దాన్ని పరిచేవాళ్లంటేనే గౌరవం ఎక్కువ.

1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ స్టేడియం తెరిచారు. పైన పారదర్శకమైన పలకల కప్పు, కింద నిజమైన గడ్డి. కప్పు మెరుపులో పైకి లేచిన బేస్‌బాల్ బంతి ఆటగాళ్లకు ఆనేది కాదు. పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది, గడ్డి చచ్చింది. ఎండిన నేలకే పచ్చరంగు కొట్టి ఆ ఏడాది ఎలాగో నెట్టుకొచ్చారు! 1966లో మోన్‌శాంటో కంపెనీ వారి నైలాన్ గడ్డి వచ్చింది. అసలు పేరు కెమ్‌గ్రాస్. 1964లోనే రోడ్ ఐలండ్‌లోని ఒక స్కూల్లో పరిచారు గానీ, స్టేడియం పేరు తగిలించుకుని ఆస్ట్రోటర్ఫ్ అయ్యాకే లోకానికి తెలిసింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో బాక్స్ క్రికెట్ ఆడే కుర్రాళ్లకు అది ఉత్త టర్ఫ్. దాని కింద పనితనం ఎవరు చూస్తారు? ముందు నేల చదును చేసి గట్టిగా దిమ్మిస కొట్టాలి, వాననీరు పోయే వాలు ఉంచాలి. పరిచే గడ్డి చుట్టలన్నిటి పోచలూ ఒకే దిక్కుకు వాలాలి. ఒక్కటి తిరగబడినా పచ్చలో పచ్చ వేరుగా కనిపిస్తుంది. అంచులు కోసి, కింద టేపు వేసి జిగురు రాసి కలిపేటప్పుడు పోచలు అతుకులో చిక్కకూడదు. ఆపైన ఇసుక చల్లి, పోచల మొదళ్లలోకి దిగేదాకా బ్రష్ కొడతారు. అదంతా ఎర్రటి ఎండలో, సలసల కాగే ప్లాస్టిక్ మీద.