తునికాకు వెనక మంట

సోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేట నుంచి కుంభారి దగ్గరి గోదూతాయి పరులేకర్ కాలనీ దాకా, మధ్యాహ్నం పూట ఏ గడప ముందు ఆగినా కనపడేది ఒకటే. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన మన పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్లకు పవర్‌లూమ్, ఆడవాళ్లకు బీడీ, తరాలుగా అదే బతుకు. మా అమ్మ కూడా బీడీలు చుట్టే మమ్మల్ని పెంచింది. ఆకు లేతగా, సన్నని ఈనెలతో, చిల్లుల్లేకుండా వచ్చిన రోజు ఇంట్లో అందరి మనసూ తేలిగ్గా ఉండేది. చిరుగుల ఆకు వచ్చిందంటే వెయ్యి బీడీల లెక్క తేలదు, తక్కువ పడ్డ ఆకు సొంత డబ్బుతో కొని నింపాలి.

ఆ లేతాకు వెనక ఒక్కోసారి మంట ఉంటుంది. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ముదిరిన తునికాకు బీడీకి పనికిరాదు. కావలసింది నేలకు దగ్గరగా ఉండే పొదల మీద కొత్తగా వచ్చే ఆకు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలను మొదలుదాకా నరికితే, నెలన్నర గడిచేసరికి కొత్త కొమ్మలు వేసి ఏప్రిల్, మే నాటికి ఆకు కోతకొస్తుంది. కోసిన ఆకును చాలాచోట్ల యాభై చొప్పున కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. ఇంతవరకు అడవికి పెద్దగా నష్టం లేదు. కానీ పొదలు నరకాలంటే కూలీలు కావాలి, కూలీలకు డబ్బు కావాలి. ఎండిన ఆకుల్లోకి ఒక అగ్గిపుల్ల విసిరితే ఆ పొదలన్నీ ఒక్క పూటలో కాలిపోతాయి, వేర్ల నుంచి పిలకలు లేస్తాయి, కాంట్రాక్టరుకు నరికింపు ఖర్చు మిగులుతుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద నేల శుభ్రం కావాలని పెట్టే చిన్న మంట కూడా ఒక్కోసారి ఇలాగే చెయ్యి దాటిపోతుంది. మన అడవుల్లో పిడుగు పడి రేగే మంటలు అరుదు. దాదాపు ప్రతి కార్చిచ్చు వెనకా ఒక మనిషి చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి చాలాసార్లు పేదవాడిదే, లాభం మాత్రం అతనిది కాదు.

మంటను ఎలా ఆర్పుతారో నల్లమలలో మన్ననూరు వైపు ఒకసారి దగ్గరుండి చూశాను. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. మార్చి వచ్చేసరికి టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకు రాల్చేస్తాయి. నేల మీద మోకాలెత్తు బోద గడ్డి, దాని కింద చిటపటలాడే ఆకు. అక్కడ మంట చెట్ల తలల మీదుగా దూకదు, నేల పట్టుకుని పాకుతుంది. చూడటానికి చిన్నదిగానే ఉంటుంది. గాలి తిరిగిందా, బోద గడ్డి అందుకుని నిలువెత్తు లేస్తుంది. వాలు పైకైతే ఇంకా ఉరుకుతుంది, ఎందుకంటే కింద మంట తగలకముందే పైనున్న గడ్డి ఆ వేడికి ఎండి సిద్ధంగా ఉంటుంది.

నా పక్కనున్న చెంచు ఫైర్ వాచర్ నన్ను చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "సార్, మంట ముంగట నిలవడొద్దు. కాలిన జాగల నిలవడాలె. ఆడ మల్ల కాలనీకి ఏం లేదు" అన్నాడు. ఈ పనిలో మొదటి సూత్రం అదే. కాలిపోయిన నేలను వెన్నుకు పెట్టుకుని, మంట తోక నుంచి మొదలుపెట్టి రెండు పక్కలా నొక్కుకుంటూ తల వైపు వెళ్తారు. కొందరి వీపున బ్లోయర్లు. వాటి గాలితో మంట ముందున్న ఆకును ఊడ్చి నేలను బోసిగా చేస్తారు. మిగతావాళ్ల చేతుల్లో పచ్చి కొమ్మలు. కొమ్మ ఎత్తి బాదితే నిప్పులు ఎగిరి అవతల పడతాయి, అందుకని కొట్టి నొక్కిపట్టి లోపలికి లాగాలి. నీళ్ల ట్యాంకరు దారి ఉన్నచోటికే వస్తుంది. నల్లమలలో దారి ఉన్నది ఎంతని?

మంట మరీ పెద్దదైతే ఎదురు మంట పెడతారు. ముందు ఒక బాటనో వాగునో హద్దుగా పట్టుకుని, అక్కడి నుంచి పెద్ద మంట వైపు చిన్న మంటను పంపుతారు. రెండూ కలిసేచోట తినడానికి ఏమీ మిగలక చచ్చిపోతాయి. తొందరపడి పెడితే ఆ రెండో మంట పెట్టినవాళ్ల మీదికే వస్తుంది. గాలి వైపు చూస్తూ, ఆగు ఆగు అని ఆపి, సరిగ్గా అదనుకు పెట్టించగలిగిన మనిషి ఆ గుంపుకు పెద్ద. ఆ రోజు ఆ పని చూసింది బడికి పోని ఒక ముసలి చెంచు. బీట్ ఆఫీసర్ ఆయన మాట కోసమే ఎదురుచూశాడు.

ఆరిన తర్వాతే అసలు ఓపిక కావాలి. పడిపోయిన మాను లోపల నిప్పు రోజుల తరబడి రాజుకుంటూ ఉంటుంది. ఎండిన పేడలోనూ అంతే. మొద్దు మొద్దుకూ చెయ్యి దగ్గర పెట్టి వేడి చూసి, మట్టి కప్పి, రాత్రంతా కాపలా కాయాలి. చాలా మంటలు రెండోసారి లేచేది ఈ పని అలసటతో వదిలేసినచోటే.

ఇప్పుడు పైనుంచి ఉపగ్రహాలు కూడా చూస్తున్నాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి మంటల సమాచారాన్ని రాష్ట్రాలకు పంపుతోంది. ఇప్పుడు 375 మీటర్ల చుక్కలో వేడిని పసిగట్టే పరికరం ఉంది, బీట్ ఆఫీసర్ ఫోనుకే మెసేజ్ వస్తుంది. మేలే జరిగింది. కానీ ఉపగ్రహం దాటిపోయాక అంటుకున్న మంట, అది మళ్లీ వచ్చేదాకా కనపడదు. మెసేజ్ అందుకుని కొండెక్కాల్సింది మాత్రం సీజన్ కూలికి పెట్టుకున్న వాచరే. మంటల కాలం అయిపోగానే అతని పని కూడా అయిపోతుంది.

2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవి అంటుకున్నప్పుడు సైన్యం వచ్చింది, వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు తెచ్చి గుమ్మరించాయి. దేశమంతా టీవీల్లో చూసింది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు గడ్డి వాలు మీద మంటకు చిక్కి ఇరవైమందికి పైగా చనిపోయారు. మంట పెద్దదయ్యాక మనిషి చేయగలిగింది కొంచెమే. కార్చిచ్చును నిజంగా ఆర్పేది డిసెంబరు, జనవరుల్లో. ఆ నెలల్లో ఫైర్ లైన్లు గీస్తారు, అంటే అడవిని ముక్కలుగా విడదీస్తూ వెడల్పాటి పట్టీలు నరికి, గడ్డి ఊడ్చి, చల్లటి వేళల్లో మనుషులు దగ్గరుండి దాన్ని కాలుస్తారు. ఆ ఊడ్పును ఎవరూ ఫొటో తీయరు, బడ్జెట్‌లో మొదట కోత పడేది దానికే.

మన మగ్గాల షెడ్లలో పనిచేసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. దూలాల మీద, మోటార్ల మీద పేరుకున్న దూది నూగును ఏ పూటకాపూట దులపకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామికవాడలో తువాళ్ల కార్ఖానా అంటుకుని 8 మంది చనిపోయిన విషాదం మన బస్తీ ఇంకా మరవలేదు. గంటల తరబడి ఫైరింజన్లు నీళ్లు కొట్టినా లోపలున్న ప్రాణాలు దక్కలేదు.

అలాగని అడవిలో ప్రతి మంటా శత్రువని నేను అనను. అమెరికా అటవీ శాఖ 1935లో ఒక నియమం పెట్టింది, ఏ మంటనైనా మర్నాడు ఉదయం పది గంటలకల్లా ఆర్పేయాలని. దశాబ్దాలపాటు అలా ఆర్పగా ఆర్పగా ఎండుపుల్ల పేరుకుని, తర్వాత రేగిన మంటలు ఎవరికీ లొంగలేదు. 1970లలో ఆ నియమాన్ని వదిలేశారు. కర్ణాటక బిళిగిరి కొండల సోలిగ గిరిజనులు చిన్న మంటతో అడవి నేలను శుభ్రం చేసుకునే పద్ధతి ఒకప్పుడు ఉండేది. చల్లటి వేళ, మనిషి దగ్గరుండి కాల్చేది వేరు. మార్చి ఎండలో విసిరేసి పోయే అగ్గిపుల్ల వేరు. ఏటా అలా కాలే చోట పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి, కింద పిల్ల మొక్క ఒక్కటీ ఉండదు. పెద్దవి కూలాక ఆ చోట అడవి ఉండదు.

చంద్రపూర్ జిల్లాలో పాచ్‌గావ్ అనే చిన్న ఊరు ఉంది. 2012లో సామూహిక అటవీ హక్కు దక్కాక అక్కడి గ్రామసభ తునికాకు సేకరణే మానేసింది. కొమ్మలు నరకడం, నిప్పు పెట్టడం తమ అడవికి చేటని వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. వెదురు మీద బతుకు చూసుకున్నారు. మన మహారాష్ట్రలోనే ఆ పేదలు తమ రాబడిని వదులుకుని ఆ మాట మీద నిలబడ్డారంటే, నాకు వాళ్ల మీద గౌరవం ఇంతని చెప్పలేను.

తునికాకు మానేయమని మన ఆడవాళ్లను నేను అడగలేను. వేలాది ఇళ్ల పొయ్యి దాని మీదే వెలుగుతోంది. కానీ ఆకు ఎక్కడిదో, ఎలా వచ్చిందో అడిగే హక్కు ఆకు చేతిలో పట్టుకునేవాళ్లకు ఉంది. కూలి రేటు కోసం కంపెనీలతో కూర్చునే యూనియన్లు అదే బల్ల మీద ఇది కూడా పెట్టాలి: నరికిన పొదల ఆకే కొనండి, కాల్చిన అడవి ఆకు వద్దు, నరికింపు ఖర్చు చుట్టేవాళ్ల కూలిలోంచి కోయకండి. ఈ మాట వేసవి వచ్చాక అంటే లాభం లేదు. ఆకు టెండర్లు పడకముందే అడగండి.