కవితలో లేని పట్టీలు

ఆడ్రియన్ రిచ్ రాసిన 'డైవింగ్ ఇన్‌టు ద రెక్' కవితను ఎనిమిదేళ్ళుగా ఎం.ఏ. విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం దాని మీదే. మునిగిపోయిన ఓడ దగ్గరికి ఒంటరిగా దిగే ఆ డైవరు ఒంటికి తగిలించుకునే వస్తువులన్నీ నాకు మొన్నటి దాకా ప్రతీకలే. రబ్బరు సూటు అంటే సమాజం తొడిగిన కవచం, మాస్కు అంటే మారుముఖం, కత్తి అంటే విమర్శ, కెమెరా అంటే సాక్ష్యం. పరీక్షలో ఇలా రాస్తే పదికి ఎనిమిది మార్కులు ఖాయం. ఆ సూటును ఎవరి ఒంటి కొలతకు కుట్టారన్న ప్రశ్న మాత్రం నేనెప్పుడూ వేసుకోలేదు.

పోయిన చలికాలం హావ్‌లాక్ దీవిలో (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) డైవింగ్ నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్న నా వీపు మీదికే వచ్చి కూర్చుంది. మొదటిరోజు అద్దెకిచ్చిన జాకెట్టు వేసుకున్నాను. జాకెట్టంటే మన జాకెట్టు కాదు, గాలి నింపితే తేలేది, సిలిండరును వీపుకు కట్టి ఉంచేది. కొలత తప్పితే ఊపిరాడకపోవడంలో మాత్రం రెంటికీ తేడా లేదు. నీళ్ళమీద గాలి నింపగానే అది గడ్డం దాకా లేచింది. నడుము కిందే ఉండిపోయింది. సిలిండరు ఒక పక్కకి ఒరిగి నన్నూ ఒరగబెట్టింది. ఛాతీ పట్టీ బిగిస్తే నిండుగా ఊపిరి తీసుకోలేను, వదులు చేస్తే భుజాల పట్టీలు జారిపోతాయి. "ఇది యూనిసెక్స్ మేడమ్, అందరికీ సరిపోతుంది" అన్నాడు ఇచ్చినతను. సరిపోనిది జాకెట్టు కాదు, నేనే అన్నమాట.

రెండోరోజు నాకు నేర్పించింది నాకంటే పదేళ్ళు చిన్నదైన ఒక బెంగాలీ అమ్మాయి. నా భుజాల మీది ఎర్రటి చారలు చూసి తన సొంత హార్నెస్ తెచ్చింది. ఒక ఉక్కు పలక, దాని గాడుల్లోంచి అటూ ఇటూ దూర్చిన ఒకే ఒక్క పొడవాటి నైలాన్ పట్టీ. రెండంగుళాల వెడల్పు, సుమారు పన్నెండు అడుగుల పొడవు. అదే నడుం చుట్టూ వస్తుంది, అదే భుజాల మీంచి వీపుకు వెళ్తుంది. పలక అడుగునుంచి ఇంకో చిన్న పట్టీ కాళ్ళ మధ్యగా ముందుకొచ్చి నడుం పట్టీకి తగులుకుంటుంది. ఆ ఒక్కటీ ఉంటే చాలు, హార్నెస్ మెడ మీదికి లేవదు. ఫ్లోరిడా నీటి గుహల్లో డైవ్ చేసే విలియం హొగార్త్ మెయిన్ పేరుమీద ఈ పద్ధతిని హొగార్తియన్ అంటారట. దీనికి స్మాల్, మీడియం, లార్జ్ అని ఉండవు. ఏ ఒంటికి కడితే ఆ ఒంటి కొలతే.

సూటు వేసుకున్నాకే కొలవాలి, ఉత్త ఒంటిమీద కొలిస్తే పొరపాటు. భుజం పట్టీ కింద అరచెయ్యి సులువుగా దూరాలి. చెయ్యి వెనక్కి వంచితే తల వెనకున్న గాలి వాల్వు వేళ్ళకి అందాలి. భుజాలు మరీ బిగిస్తే ఆ చెయ్యి వెనక్కి పోదు, అంటే తన గాలి తనకే అందదు. ఛాతీ దగ్గరి ఇనప రింగులు రెండు చేతులకీ చిక్కాలి. స్త్రీలకి ఇక్కడే చిక్కు. పట్టీ రొమ్ముల మీంచి పోతుందా పక్కనుంచా అన్నదాన్ని బట్టి రింగు ఎత్తు మారుతుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు. ఆ అమ్మాయి అన్నది, నవ్వకుండా, తన ఒంటిమీద చూపించి. నడుం బకిల్ కాస్త కుడిపక్కకి ఉండాలి, నడిమధ్యన ఉంటే కాళ్ళ మధ్యనుంచి వచ్చిన పట్టీ దాన్ని తెరిచేయొచ్చు.

అంతా అయ్యాక బకిల్‌ దాటి మూరెడు పట్టీ వేలాడుతోంది. "దీన్ని కోసేద్దామా?" అన్నాను. "కోయొద్దు దీదీ. ముందు మునుగు. తడిశాక, లోతుకెళ్ళాక ఒళ్ళు వేరేలా ఉంటుంది. మందం సూటు వేసుకున్నరోజు ఇంకొంచెం కావాల్సొస్తుంది. కోశాక అతికించలేం" అంది.

నా అధ్యాయం గుర్తొచ్చింది. ఓడ దగ్గరికి చేరిన డైవరు ఆమె అవుతుంది, అతడూ అవుతుంది. దాన్ని నేను 'అర్ధనారీత్వం' అని పేరు పెట్టి, లింగభేదాన్ని దాటిన విముక్తి క్షణమని నిర్ధారించేశాను. నా సిద్ధాంతానికి ఆ కొలత చక్కగా సరిపోయింది. సరిపోనిదాన్ని కోసేశాను. ఏం కోశానో ఇప్పుడు కనిపిస్తోంది. రిచ్ ఆ కవిత రాసింది 1972లో. ఐదేళ్ళు తిరిగేసరికి, 1977 నాటి 'నేచురల్ రిసోర్సెస్'లో, ఇక తాను వాడలేని మాటల్లో ఈ అర్ధనారీత్వాన్ని కూడా ఆమె చేర్చింది. ఈ సంగతి నాకు తెలియదని కాదు, ఫుట్‌నోటులో పెట్టాను. ఫుట్‌నోటులో పెట్టడం కూడా ఒకరకం కోతే. ఇద్దరినీ కలిపానని చెప్పుకునే 'మనిషి' అన్న మాటకి కొలత ఎవరి నుంచి తీసుకున్నారన్న అనుమానం ఆమెను ఆ మాటలకి దూరం చేసిందని ఇవాళ అనుకుంటున్నాను. అద్దె జాకెట్టు మీది యూనిసెక్స్ లేబుల్‌కీ దానికీ పోలిక పెట్టడం మొరటుగా ఉందని కొందరంటారు. నా భుజాలకి మొరటుగా అనిపించలేదు.

ఇంకో విషయం. కవితలో పట్టీల ఊసే లేదు. సూటు, ఫిన్స్, మాస్కు ఉన్నాయి, అవి పట్టాయా లేదా అన్న మాట లేదు. కూస్తో లాగా బృందం లేదని చెప్పుకుని మరీ డైవరు ఒంటరిగా దిగుతుంది. ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి, "తోడు ఎవరినీ తీసుకెళ్ళలేదేం మేడమ్?" అని అడిగింది. ఒంటరితనం తాత్త్వికమని ఏదో చెప్పాను. ఆ అమ్మాయి ప్రశ్నే సరైనది. డైవింగులో మొదట నేర్పేదే జతగా దిగమని. దిగేముందు జతలో ఒకరు ఇంకొకరి పట్టీలు, బకిళ్ళు, గాలి చూస్తారు. వీపు వెనక పట్టీ మెలిక పడితే తనకి కనిపించదు, ఇంకో చెయ్యి కావాలి. ఆ చెయ్యిని కవిత చెరిపేసింది. కవిత బలం అందులోనే ఉందని ఒప్పుకుంటాను, లోటూ అక్కడే ఉంది. రిచ్ జీవితం మాత్రం కవితలా ఒంటరిగా నడవలేదు. ఈ సంపుటికి 1974లో నేషనల్ బుక్ అవార్డు వచ్చినప్పుడు (అలెన్ గిన్స్‌బర్గ్‌తో కలిపి ఇచ్చారు) తనొక్కతే తీసుకోనని, తనతోపాటు పోటీలో ఉన్న ఆడ్రి లార్డ్, ఆలిస్ వాకర్‌లతో కలిసి స్త్రీలందరి తరఫున అందుకుంది. నాకు ఆ ప్రకటన ఆ కవితకి రాయని చరణంలా కనిపిస్తుంది.

అయినా సముద్రంలోకి దిగడానికి డబ్బుపెట్టే వర్గం గురించి మాట్లాడుతున్నానన్న ఇబ్బంది నాకూ ఉంది. కూటికోసం దిగిన స్త్రీలు ఎప్పటినుంచో ఉన్నారు. కొరియాలోని జెజు దీవి హెన్యోలు సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి నత్తగుల్లలూ నాచూ ఏరుకొస్తారు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని మానవాళి వారసత్వంగా గుర్తించింది. 1970లలో రబ్బరు సూట్లు రాకముందు వాళ్ళు వేసుకున్నది ముల్సోజుంగి అనే నూలు వస్త్రం. దానికి ఒక పక్క తెరిచి కట్టుకునే ముడులుంటాయి. ఒళ్ళు చేసినా, కడుపుతో ఉన్నా ముడి వదులు చేసుకుని అదే కట్టుకోవచ్చు. ఆ వస్త్రం ఒళ్ళు మారుతుందని ముందే ఒప్పుకుంది. వాళ్ళు దిగేదీ గుంపుగానే. నా అధ్యాయంలో వీళ్ళకి ఒక వాక్యం కూడా లేదు.

మన సాహిత్యంలో కత్తెరను పట్టించుకున్న కథ 'బోన్‌సాయ్ బ్రతుకు'. అబ్బూరి ఛాయాదేవి అందులో కుండీకి సరిపోయేలా చెట్టును కోయడం చూపించారు. కోత ఎవరి కోసం, ఏ కొలతకి అన్నది అక్కడ స్పష్టం. పట్టీ విషయంలో కోత తిరగబడింది. ఇక్కడ ఒళ్ళు అలాగే ఉంటుంది, కుండీయే కురచవుతుంది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కూడా ఒంటిమీది గుడ్డ గురించే. ఆ కవిత మీద వచ్చిన రభస ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పనక్కర్లేదు. పైట మన మీదికి వచ్చింది, హార్నెస్ నేను ఎంచుకున్నది. అందుకని రెంటినీ ఒక గాటన కట్టను. ఎంచుకున్నదాని కొలత కూడా ఇంకెవరో నిర్ణయిస్తుంటే ఎంపిక ఎంతవరకు నాది అన్నది మాత్రం తేలలేదు.

మూడు డైవ్‌ల తర్వాత భుజాల దగ్గర రెండంగుళాలు వదిలాం, నడుం దగ్గర కొంచెం బిగించాం. నాలుగోరోజు సాయంత్రం బకిల్ అవతల జానెడు ఉంచి మిగతాది కత్తితో కోసింది ఆ అమ్మాయి. బకిల్‌లోకి తేలిగ్గా దూరేలా మూలలు గుండ్రంగా తీసింది. కోసినచోట దారాలు విడిపోకుండా లైటరు మంట చూపిస్తే నైలాను కరిగి నల్లగా గట్టిపడింది. జయప్రభ కవిత తలుచుకుని నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పడానికి నా హిందీ చాలలేదు.

కోసిన ముక్క పట్టుకొచ్చాను. ఈ ఏడాది రిచ్ పాఠం చెప్పినప్పుడు క్లాసులో తిప్పాను. ఒక అబ్బాయి దాన్ని మణికట్టుకు చుట్టుకుని చూశాడు. అధ్యాయాన్ని మళ్ళీ రాస్తున్నాను, ఫుట్‌నోటు పైకి వచ్చింది.