ఎత్తు కర్ర దగ్గర పంచాయతీ

టికెట్ కౌంటర్ దగ్గర "కాస్త మోకాళ్ళు వంచరా" అని చెవిలో ఊదిన నాన్నే, గంట తిరక్కుండా రోలర్ కోస్టర్ గేటు దగ్గర అదే పిల్లాణ్ణి మునివేళ్ళ మీద నిలబడమంటాడు. హైదరాబాద్ శివారు రావిర్యాలలో ఉన్న వండర్‌లాలో పిల్లల టికెట్‌కు లెక్క వయసు కాదు, ఎత్తు. లోపల పెద్ద రైడ్లు ఎక్కాలంటే 140 సెంటీమీటర్లు ఉండాలి. అంచేత ఒక్క పిల్లాడికే పదింటికి ఒక ఎత్తు, పదకొండింటికి మరో ఎత్తు కావలసి వస్తుంది.

కొలిచే ఉద్యోగికి ఇది రోజూ ఆడే సినిమాయే. "సార్, బాబు రెండు సెంటీమీటర్లు తక్కువున్నాడు" అంటాడతను. "రెండే కదా తమ్ముడూ, పక్కన నేను కూర్చుని గట్టిగా పట్టుకుంటాలే" అంటాడు తండ్రి. వెనక క్యూ గొణగడం మొదలుపెడుతుంది. పిల్లాడి మొహం ముడుచుకుపోతుంది. గంట సేపు ఎండలో నిలబడి చివర్లో కాదనిపించుకోవడం ఏ వయసులోనైనా కష్టమే.

ఆ పట్టుకోవడం కుదిరే పని కాదు. మలుపులో మూడు జీ, అంటే భూమ్యాకర్షణకు మూడు రెట్ల బలం పడిందంటే 25 కిలోల పిల్లాడు ఆ క్షణానికి 75 కిలోల బరువు తూగుతాడు. పట్టుకున్న తండ్రి చేతులూ అదే లెక్కన బరువెక్కుతాయి. కర్ర కొలిచేది పిల్లాడి ధైర్యాన్ని కాదు. ఒళ్ళోకి దిగే ల్యాప్ బార్ తొడల మొదట్లో, నడుం ఎముకలకు ఆని నిలుస్తుందా, భుజాల మీదుగా దిగే హార్నెస్ భుజాలకే ఆనుతుందా, వీపు సీటుకు అంటుతుందా అన్నదే ఆ కొలత. చిన్న ఒళ్ళయితే బార్‌కూ సీటుకూ మధ్య మిగిలే సందులోంచి కిందికి జారిపోతుంది. బతిమాలితే వదిలేసే ఉద్యోగి కంటే, మొహమాటం లేకుండా పక్కకు పంపేసే ఉద్యోగే ఆ కుటుంబానికి ఎక్కువ మేలు చేస్తున్నాడు.

కింది హద్దు సంగతి అందరికీ తెలుసు. పై హద్దు గురించి ఎవరూ నోరెత్తరు. 2022 మార్చి 24న అమెరికాలోని ఓర్లాండోలో, ఐకాన్ పార్క్‌లో ఉన్న 430 అడుగుల డ్రాప్ టవర్ మీంచి 14 ఏళ్ళ కుర్రాడు పడి చనిపోయాడు. ఆ రైడ్‌కు తయారీదారు పెట్టిన బరువు హద్దు దాదాపు 130 కిలోలు. ఆ అబ్బాయి బరువు అంతకంటే చాలా ఎక్కువ. హార్నెస్‌కూ సీటుకూ మధ్య మామూలు కంటే ఎక్కువ ఎడం ఉన్నా అంతా సరిగానే ఉన్నట్టు దీపం వెలిగేలా ఆ సీటు సెన్సర్‌ను చేత్తో సర్దారని విచారణలో బయటపడింది. తర్వాత ఆ టవర్‌నే విప్పేశారు. మన ఇళ్ళలో బొద్దుగా ఉండే మేనమామో పెదనాన్నో "ఇది నాకు పట్టట్లేదు" అని నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. అలాంటప్పుడు దిగిపోవాలి. అందుకే యూనివర్సల్ వంటి పార్కుల్లో కొన్ని రైడ్ల బయట ఖాళీ సీటొకటి పెట్టి ఉంచుతారు. క్యూలో చేరకముందే కూర్చుని చూసుకోవచ్చు.

ఈ పంచాయతీ అంతా ముందురోజు రాత్రి ఇంట్లోనే తేలిపోవాలి. గోడకు ఆనించి, చెప్పులు విప్పించి, టేపుతో కొలిచి, పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కు ఎంత ఎత్తో చూసుకుంటే సరి. ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌లో స్పేస్ మౌంటెన్‌కు 112 సెంటీమీటర్లు, ట్రాన్ కోస్టర్‌కు 122 సెంటీమీటర్లు కావాలి. ఎవరు ఏది ఎక్కుతారో కాగితం మీద రాసుకుంటే పిల్లలకు ఏడవాల్సిన ఏడుపు ఇంట్లోనే అయిపోతుంది. పొద్దున్నకల్లా "నాకు వేరే రైడ్లున్నాయి" అని వాళ్ళే చెబుతారు. ఎక్కలేని చిన్నపిల్లతో ఎవరో ఒకరు కింద ఉండాలి కాబట్టి డిస్నీలో రైడర్ స్విచ్ అనే ఏర్పాటుంది. అమ్మ ఎక్కి దిగేదాకా నాన్న పాపతో ఉంటాడు. తర్వాత నాన్న మళ్ళీ మొదటినుంచి క్యూ కట్టకుండా ఎక్కేస్తాడు. గేటు దగ్గర అడిగితే చాలు. అడగాలని తెలియకే చాలామంది రెండుసార్లు నిలబడతారు.

కింద ఉండిపోయేవాళ్ళు ఎప్పుడూ అమ్మమ్మా తాతయ్యలే కావడం మాత్రం అన్యాయం. ఆరు బ్యాగులు, నాలుగు ఫోన్లు, మూడు జతల చెప్పులు వాళ్ళ చుట్టూ పేర్చి "ఇప్పుడే వస్తాం" అని వెళ్ళినవాళ్ళు గంటన్నరకు వస్తారు. లాకర్ అద్దె ఆ పెద్దాయన నడుం నొప్పి కంటే చవక. వేసవిలో డల్లాస్‌కో అట్లాంటాకో వచ్చిన తల్లిదండ్రులను పిల్లలు తప్పనిసరిగా ఓర్లాండో తీసుకెళతారు. అక్కడ ఒక్క రోజులో పది కిలోమీటర్ల నడక మామూలు. గేటు పక్కనే చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుంది. "నాకేమన్నా కాళ్ళు పడిపోయాయట్రా?" అని నాన్న కోప్పడతాడు. ఆయన నడిచినంత సేపూ అందులో బ్యాగులు పెట్టి తోసుకెళ్ళమంటే గొడవ ఉండదు. మధ్యాహ్నం మూడింటికి ఆయనే కూర్చుంటాడు.

షుగర్ ఉన్నవాళ్ళకు క్యూ అసలైన పరీక్ష. మందు వేసుకుని, టిఫిన్ అరకొరగా తిని, గంట నిలబడితే కళ్ళు తిరుగుతాయి. డిస్నీ పార్కుల్లోకి సొంత తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలూ మద్యం తప్ప. కనుక పులిహోర డబ్బా నిరభ్యంతరంగా లోపలికి వెళుతుంది. వండర్‌లాలో బయటి తిండి కుదరదు. మందులకూ పసిపిల్లల ఆహారానికీ ఏం వెసులుబాటుందో ముందే ఫోన్ చేసి అడగడం మేలు.

నీళ్ళ సంగతి డిస్నీకే మొదటిరోజు అనుభవమైంది. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచేనాటికి ప్లంబర్ల సమ్మె. తాగునీటి కొళాయిలా, మరుగుదొడ్లా, ఏదో ఒకటే పూర్తవుతుందంటే వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లకే ఓటేశాడు. ఎండకు తారు మెత్తబడి ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడిన ఆ రోజున జనం నీళ్ళు దొరక్క అల్లాడిపోయారు. మన మే నెల ఎండ దానికి ఏమాత్రం తీసిపోదు. పిల్లలకు ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు మాత్రం అట్టపెట్టె వెనక చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. అంతకు ఎన్నో రెట్లు చక్కెర కలిపిన పానీయాలు ఏళ్ళ తరబడి ఆ మూడక్షరాలతోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై పట్టువదలకుండా పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

పిల్లలు తప్పిపోవడం ఎంత జాగ్రత్తపరులకైనా జరుగుతుంది. "మీ అమ్మ పేరేంటమ్మా?" అని అడిగితే "అమ్మ" అని చెప్పే వయసు పిల్లలుంటే ముంజేతి మీద బాల్‌పెన్‌తో ఫోన్ నంబర్ రాయడమే మార్గం. పొద్దున లోపలికి వెళ్ళేముందు పిల్లల ఫొటో ఒకటి తీసుకుంటే ఆ రోజు ఏ రంగు చొక్కా వేసిందీ చెప్పడానికి తడుముకోనక్కర్లేదు. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా, మెడలో బ్యాడ్జీ ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలని చెప్పి, బ్యాడ్జీ ఎలా ఉంటుందో గేటు దగ్గరే చూపించాలి. రామోజీ ఫిల్మ్ సిటీలో తంటా వేరు. 1,666 ఎకరాల ఆ ప్రాంగణంలో బస్సుల్లో తిప్పుతారు. పన్నెండు మంది బంధువర్గం ఒక్కోసారి ఒకే బస్సులో పట్టదు. ఎవరు ఏ బస్సెక్కినా ఎన్నింటికి ఎక్కడ కలవాలో ముందే అనుకోవాలి. నీళ్ళ రైడ్లుండే పార్కుల్లోనైతే ఆ వేళకు ఫోన్లన్నీ లాకర్లో ఉంటాయి కాబట్టి ఫోన్ చేసుకుందాంలే అనే మాట ఆ పూటకు చెల్లదు.

నీళ్ళ దగ్గరే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. వేవ్ పూల్‌లో ఎనిమిది మంది పెద్దవాళ్ళుంటే ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ఎనిమిది మందీ అనుకుంటారు. మునిగే పిల్ల సినిమాలోలా చేతులూపి కేకలేయదు. నోట్లోకి నీళ్ళు పోతుంటే కేక రాదు. ఈ అరగంట బాబాయి కాపలా, తర్వాత అరగంట అత్తయ్య కాపలా అని పేరు పెట్టి అప్పగించాలి. ఆ అరగంట వాళ్ళకు వేరే పనుండకూడదు. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులే, లైఫ్ జాకెట్‌కు బదులు కావు. నైలాన్ దుస్తులుంటేనే నీళ్ళ రైడ్లకు రానిస్తామంటే చీర కట్టుకొచ్చినవాళ్ళకు కోపం వస్తుంది గానీ, తడిసిన నూలు బట్ట బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది.

బట్టల మాట వచ్చింది కాబట్టి గో-కార్టింగ్ గురించీ చెప్పాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గో-కార్ట్ నడుపుతుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని చనిపోయింది. హెల్మెట్ కిందినుంచి జడ బయటికి వేలాడుతుంటే ఆ హెల్మెట్ సగం పనే చేస్తుంది. జడ ముడేసి లోపలికి దోపాలి. చున్నీ తీసి బ్యాగులో పెట్టాలి. ఇందులో బేరం లేదు.

పెద్ద పార్కుల్లో పొద్దున్నే ఖాళీ రైడ్ తిప్పి చూసే అలవాటైనా ఉంటుంది. తిరనాళ్ళలో, ఎగ్జిబిషన్లలో నాలుగు వారాలకోసారి విప్పి లారీలో వేసి వేరే ఊళ్ళో బిగించే జెయింట్ వీల్స్ సంగతి వేరు. 2018 మే నెలలో అనంతపురంలో అలాంటి వీల్ తొట్టె ఊడిపడి పదేళ్ళ పాప చనిపోయింది. బోల్టు వదులైందని ముందే చెప్పినా ఆపరేటర్ వినలేదని అక్కడున్నవాళ్ళు అన్నట్టు పత్రికల్లో వచ్చింది. 2025 జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ తలకిందులుగా ఆగిపోయి జనం చాలాసేపు అలాగే వేలాడారు. మామూలు సందర్శకుడికి వెల్డింగ్ నాణ్యత తెలియకపోవచ్చు. ఒక్క రౌండ్ కింద నిలబడి చూడటం మాత్రం ఎవరికైనా వచ్చు. ఆపరేటర్ ప్రతి తొట్టె గడియా చేత్తో లాగి చూస్తున్నాడా, ఫోన్ మాట్లాడుతూ మీట నొక్కుతున్నాడా అన్నది ఆ ఒక్క రౌండ్‌లోనే తేలిపోతుంది. నాలుగు గోడల మధ్య ఉండే గేమ్ జోన్ అయితే ముందు రెండో దారి ఎక్కడుందో చూడాలి. 2024 మే 25న రాజ్‌కోట్‌లో 27 మందిని బలిగొన్న గేమ్ జోన్‌కు అగ్నిమాపక శాఖ అనుమతే లేదు.

ఇక తిరుగు ప్రయాణం. పగలంతా ఎండలో తిరిగి, నీళ్ళలో తడిసి, పొట్టనిండా తిన్న మనిషే సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి స్టీరింగ్ పట్టుకుంటాడు. అక్కడ లోపలి లేన్లలో వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. వెనక సీట్లో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతుంటారు. లేపడం ఇష్టంలేక బెల్టు పెట్టరు. పొద్దున్నంతా హార్నెస్ రెండుసార్లు లాగి చూసుకున్న కుటుంబమే ఇది. 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది. రాత్రి కారు ఎవరు నడుపుతారో పొద్దున బయల్దేరేటప్పుడే తేల్చుకుని, ఆ మనిషిని మధ్యాహ్నం ఓ గంట ఏసీ హాల్లో పడుకోనివ్వాలి. అందరికీ అలసట తప్పదనిపిస్తే డ్రైవర్‌ను మాట్లాడుకోవడమో, దగ్గర్లో రాత్రికి గది తీసుకోవడమో టికెట్లు కొనే రోజునే లెక్కలో వేసుకోవాలి.