ఆర్ఆర్ఆర్‌కు హెల్మెట్ పెట్టిన కళ

2021 జూన్ నెలాఖరులో ‘ఆర్ఆర్ఆర్’ చిత్ర బృందం ఒక పోస్టర్ విడుదల చేసింది. ఎన్టీఆర్, రామ్ చరణ్ ఒకే మోటార్‌సైకిల్ మీద నవ్వుకుంటూ వస్తున్న బొమ్మ అది. సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు వెంటనే దాన్ని అందుకుని, ఇద్దరి తలలకూ హెల్మెట్లు తొడిగి, ఇప్పుడు అంతా సరిగ్గా ఉందంటూ ట్విటర్‌లో పెట్టారు. చిత్ర బృందం కూడా తగ్గలేదు. ఇంకా సరిగ్గా లేదు, నంబర్ ప్లేటు ఏదీ అని బదులిచ్చింది. ఆ రోజు తెలుగువాళ్ల ఫోన్లన్నీ దాంతోనే నిండిపోయాయి.

ఈ చిన్న ఎడిట్‌ను కాస్త నిలబడి చూడాలి. సినిమా కథ 1920ల నాటిది. తెల్లదొరల సామ్రాజ్యాన్నే ఎదిరించే ఇద్దరు వీరులు మన కాలపు చలానాకు తలవంచి హెల్మెట్ పెట్టుకోవడంలో ఉంది నవ్వంతా. బండి, నవ్వు, వెలుగు, దుస్తులు ఏవీ మారలేదు. మారింది తలల మీది వస్తువు ఒక్కటే. బొమ్మను ఎంత తక్కువ ముట్టుకుంటే నవ్వు అంత గట్టిగా పేలుతుందని ఈ పని చేసేవాళ్లకు అనుభవం మీద తెలుసు. ఇంకో మాట. ఈ హాస్యం ఎవరినీ కించపరచలేదు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద హెల్మెట్‌ను పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని పోయే కుర్రాడు ఆ పోస్టర్‌లో తననే చూసుకుని నవ్వాడు. ఎవరి బొమ్మను మార్చారో ఆ చిత్ర బృందమే ఆటలోకి దిగి మరో పంచ్ వేసింది. పేరడీకి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

సినిమా బొమ్మను మార్చి నవ్వించే ఈ మీమ్ కళకు హైదరాబాద్‌లోని మణికొండ సరైన ఊరు. ఒక పక్క సినీ కార్మికుల కోసం వెలసిన డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి చిత్రపురి కాలనీ. లైట్లు మోసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, డ్యాన్సర్లు ఉండే చోటు. మరో పక్క లాంకో హిల్స్ టవర్లు, వాటి చుట్టూ పుప్పాలగూడ దాకా హాస్టళ్లు, షేరింగ్ ఫ్లాట్లు, వాటి నిండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. సినిమా బొమ్మను తయారుచేసే చేతులూ, ఆ బొమ్మను తీసుకుని తమ బతుకు చెప్పుకునే చేతులూ ఒకే ఊళ్లో కూరగాయలు కొంటాయి. రాత్రి షిఫ్టు మధ్యలోనో, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆగిపోయిన అర్ధరాత్రో టీమ్ గ్రూపులో పడే మీమ్ ఇలాంటి ఊళ్లోనే పుడుతుంది.

మీమ్ తయారీలో మొదటి పని ముఖాన్ని ఎంచుకోవడం. సెకనుకు 24 ఫ్రేముల్లో ఏది ఆపాలన్నదే అసలు నైపుణ్యం. పూర్తిగా నవ్వే ముఖం, పూర్తిగా ఏడ్చే ముఖం అంతగా పనికిరావు, వాటికి అర్థం ముందే బిగిసిపోయి ఉంటుంది. ఒక భావం పోయి ఇంకొకటి ఇంకా రాని క్షణం కావాలి. ఆ క్షణాలను లెక్కలేనన్ని ఇచ్చినవాడు బ్రహ్మానందం. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన ఈ అధ్యాపకుడు 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’తో అందరికీ తెలిశాడు. ఒకే భాషలో అత్యధిక చిత్రాల్లో నటించినందుకు గిన్నిస్ రికార్డుకెక్కాడు. మాట మొదలయ్యే ముందు ఆయన కనుబొమ్మ కదులుతుంది, మాట అయిపోయాక పెదవి ఇంకా ఏదో అంటూనే ఉంటుంది. ఆ ముందూ వెనుకల మీదే మీమ్ బతుకుతోంది. తెలుగు రాని వాళ్లు కూడా ఆయన ముఖాన్ని తమ చాటింగ్‌లలో వాడుకుంటున్నారంటే కారణం ఇదే.

‘ఢీ’ (2007)లోని చారి సంగతే చూడండి. శ్రీహరి పోషించిన శంకర్ గౌడ్ దగ్గర పనిచేసే చారిని మంచు విష్ణు పాత్ర బబ్లూ ఇరికిస్తాడు. నిజం చెబితే ఒకరితో ముప్పు, దాస్తే ఇంకొకరితో. ఈ ముగ్గురి ఫ్రేము తీసుకుని శంకర్ గౌడ్ మీద ‘క్లయింట్’ అని, బబ్లూ మీద ‘మేనేజర్’ అని, చారి మీద ‘నేను’ అని రాస్తే చాలు. మూడు మాటలతో ఒక ఉద్యోగి సంవత్సరమంతా కళ్లకు కడుతుంది. ఇందులో రాసిన మాటలకన్నా రాయనివి ఎక్కువ పనిచేస్తాయి. ఆ సీనులో చారి ఏమంటాడో చూసేవాడి మనసులో దానంతటదే వినిపిస్తుంది. డైలాగును బొమ్మ మీద మళ్లీ రాశారంటే, చూసేవాడి జ్ఞాపకం మీద నమ్మకం లేనట్టే. మంచి మీమర్ ఆ తప్పు చేయడు.

రెండో ఒడుపు వరసలో ఉంది. రెండు గళ్లో నాలుగు గళ్లో పెట్టి, చివరి గడిలో మాట లేకుండా ముఖం మాత్రం వదిలేస్తారు. మాటను కూడా జాగ్రత్తగా తూచి వేస్తారు. చాలామంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతారు కానీ యాస మాత్రం కరీంనగర్‌దో కాకినాడదో స్పష్టంగా తెలిసిపోతుంది. వీడియో మీమ్‌లో పని మరీ కష్టం. ఒక సినిమా సీను మీద ఇంకో సినిమా పాటనో, టీవీ చర్చలోని గొంతునో అతికించి పెదాల కదలికకు కలపాలి. అరసెకను జారితే నవ్వు రాదు.

ఇవన్నీ మనకు కొత్తవి కావు. ఊళ్లలో పగటివేషగాళ్లు అందరికీ తెలిసిన పాత్రల్ని కట్టి వీధుల్లో నవ్వించేవారు. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి సాటి కవుల పద్ధతిని పట్టుకుని పేరడీని సాహిత్యంలో ఒక స్థాయికి తెచ్చాడు. వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ సినిమా నటుల గొంతుల్నే కాదు, ఇంగ్లిషు సినిమాల శబ్దాలను సైతం వేదిక మీద పలికించాడు. తెరమీదికొస్తే 2012లో ‘సుడిగాడు’, 2014లో ‘హృదయ కాలేయం’ తెలుగు హీరోయిజాన్నే ముడిసరుకు చేసుకున్నాయి. మీమర్లు ఈ వంశంలోని వాళ్లే. మూలం మీద ప్రేమ లేనివాడు మంచి పేరడీ చేయలేడన్నది ఈ వంశపు మొదటి పాఠం. 2010లో థియేటర్లలో ఆడని ‘ఖలేజా’ను టీవీలో మళ్లీ మళ్లీ చూసి, దాని సీన్లను మీమ్‌లుగా పంచుకుని నిలబెట్టుకున్నది ఆ ప్రేమే. 2025లో అది మళ్లీ థియేటర్లకు వచ్చింది.

చిత్రకళలో ఇదే పనికి పెద్ద పీట ఉంది. అండీ వార్హోల్ 1962లో ‘నయాగరా’ సినిమా ప్రచార ఫొటోను తీసుకుని మార్లిన్ మన్రో ముఖాన్ని వరసలు వరసలుగా అచ్చువేశాడు. బరోడాలో భూపేన్ ఖఖర్ 1960లలో దేవుళ్ల క్యాలెండర్ బొమ్మల్ని కత్తిరించి తన చిత్రాల్లో అతికించాడు. బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల, ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి రవివర్మ లక్ష్మి నుంచి వార్తాపత్రికలో వచ్చిన ఫొటో దాకా ఎన్నో బొమ్మల్లోకి తానే వేషం కట్టి దిగింది. వీటిని మ్యూజియంలు గౌరవంగా దాచుకున్నాయి. వాటిలోని చూపు, తెగువ, కొలత మన మీమర్ల ఉత్తమమైన పనిలోనూ ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను. వార్హోల్ బొమ్మ పక్కన గోడ మీద పేరుంది, చారిని మన బతుకుకు తెచ్చినవాడికి లేదు. తేడా అక్కడే.

అన్ని మీమ్‌లూ గొప్పవని అనడం లేదు. నటుడి ముఖం నటన కోసమే తెరకెక్కింది, దాన్ని వాడుకోవచ్చు. మామూలు మనిషి ముఖం అలాంటిది కాదు. 2024 మొదట్లో ఐటీ కారిడార్‌లో రోడ్డు పక్కన భోజనాలు పెట్టుకుని బతికే ఒకామె బిల్లు చెప్పిన తీరు రాష్ట్రమంతా మోగింది. ఫోన్లు పట్టుకుని జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు ఆమె బండిని తీయించారు. చివరికి ముఖ్యమంత్రి కల్పించుకుంటే గానీ ఆమె వ్యాపారం నిలవలేదు. నవ్వినవాళ్లు నవ్వి పోయారు, భారం ఆమె మోసింది. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ ఇంకా ఘోరం. అందులో హాస్యమూ లేదు, కళా లేదు. మోసపుచ్చడం ఒక్కటే ఉంది. మీమ్ తాను మార్చిన బొమ్మనని బహిరంగంగా చెప్పుకుంటుంది, డీప్‌ఫేక్ దాన్నే దాస్తుంది. న్యాయస్థానాలూ ఈ గీతను చూస్తున్నాయి. 2023లో నటుడు అనిల్ కపూర్ కేసులో ఆయన ముఖాన్ని, గొంతును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని ఉత్తర్వు ఇస్తూనే, వ్యంగ్యానికీ పేరడీకీ చోటుందని ఢిల్లీ హైకోర్టు గుర్తించింది.

మన తరం ఉద్యోగ భయాల్ని, అద్దె ఇళ్ల ఇబ్బందుల్ని, ట్రాఫిక్‌లో కరిగిపోయే సాయంత్రాల్ని ఇంత సూటిగా రాసిపెట్టిన కళారూపం తెలుగులో ఇంకొకటి కనిపించదు. పేజీ మూతపడితే, ఖాతా పోతే అదంతా పోతుంది. మాదాపూర్ కావూరి హిల్స్‌లో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది, మణికొండకు దగ్గరే. అక్కడ తెలుగు మీమ్‌ల ప్రదర్శన ఒకటి పెట్టాలి. ప్రతి బొమ్మ కింద మూల చిత్రం పేరు, నటుడి పేరు, మీమ్ చేసినవారి పేరు, తేదీ రాయాలి. అది జరిగేలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. ఈ రాత్రి గ్రూపులో ఒక మంచి మీమ్ ఫార్వర్డ్ చేసేటప్పుడు, మూలన ఉన్న ఆ చిన్న పేరును క్రాప్ చేయకండి.