క్షురకత్తుల పొంకము

పాత మంగలికత్తులను కొన్నింటిని బల్లపై వరుసగా పరచి, ఒక్కొక్కదానిని మొనవైపునుండి నిదానించి చూచినగాని వాని సానపనిలోని తారతమ్యము కంటికి గోచరింపదు. పందొమ్మిదవ శతాబ్దపు షెఫీల్డు కత్తి, వెన్నునుండి వాదరవరకు ఇంచుమించు తిన్నగా దిగు పక్కలతో ఘనమైన త్రికోణమై యుండి, ముదురు గడ్డముమీద సైతము తొణకక సాగును. దానికి పదును పెట్టుటకు మాత్రము మిక్కిలి ఓరిమి కావలెను. జర్మనీలోని జోలింగెన్ పనివాండ్రు సానచక్రములపై ఇరుప్రక్కల లోతుగా తొలిచిన కత్తి యన్ననో, వాదరచెంత కాగితమంత పలుచనై, బొటనవ్రేలి గోటిపై మెల్లగ అదిమినంతనే వంగును. వెండ్రుకలను కోయునపుడు సన్నగా మ్రోగి, క్షురకర్మ యెట్లు సాగుచున్నదో చెవికే తెలుపును. వెడల్పును అంగుళమున ఎనిమిదవ పాళ్లతో లెక్కింతురు: 4/8 కత్తి ముక్కుక్రింది ఇరుకున సులువుగా తిరుగును, 7/8 కత్తి నురుగును సమృద్ధిగా మోయును, నిత్యవాడుకకు 5/8 చాలునందురు, నా మక్కువ 6/8 మీదనే. అన్నింటికంటె అబ్బురమైనది వెన్ను. సానరాతిపై కత్తిని బల్లపరుపుగా ఉంచినపుడు వెన్నును వాదరయు ఒక్కమారే రాతిని తాకును గనుక, పదునుకోణమును పట్టినవాని చేయి కాక కత్తియే నిర్ణయించును. అందులకే వెడల్పు పెరిగినకొలది వెన్నును దళసరి చేయవలసివచ్చినది. తోలుపట్టెపై నూరునపుడును కత్తిని ఆ వెన్నుమీదుగానే పొర్లించి మరలింతురు. వాదరమీదుగా మరలించిరా, తోలు తెగుట నిశ్చయము.